రెండు బతుకుల మాటలు

మాడ్రిడ్‌లో మాంసం కొట్టుకి వెళ్లి కాలేయం కావాలంటే 'ఈగదో' అని అడగాలి. అదే కాలేయానికి జబ్బు చేసి ఆస్పత్రికి వెళితే, వైద్యుడు రాసే చీటీలో 'ఎపాతికో' అన్న మాట కనిపిస్తుంది. ఒకే అవయవానికి కొట్లో ఒక మాట, ఆస్పత్రిలో ఒక మాట. మనకిది వింతేమీ కాదు. మనమూ కొట్లో కార్జం అడుగుతాం, డాక్టరు దగ్గర లివర్ అంటాం, పాఠ్యపుస్తకంలో కాలేయం అని రాస్తాం. అయితే ఆ స్పానిష్ మాటల జంట వెనక ఉన్న కథ రెండు వేల ఏళ్ల కిందటి వంటింట్లో మొదలవుతుంది.

లాటిన్‌లో కాలేయానికి పాత మాట 'యెకుర్'. గ్రీకులో 'హేపర్'. సంస్కృతంలో 'యకృత్'. మూడూ ఒకే మూలభాషలోంచి దిగిన తోబుట్టువులు. ఆ మూలభాషనే పండితులు ఇండో యూరోపియన్ అంటారు. గ్రీకులు పెద్దబాతులకీ పందులకీ అంజూరు పండ్లు మేపి, అలా కొవ్వెక్కిన కాలేయాన్ని ఇష్టంగా తినేవాళ్లు. రోమన్లు ఆ వంటతో పాటు దాని పేరు కూడా తెచ్చుకుని తమ మాటల్లో పెట్టుకున్నారు. లాటిన్‌లో అంజూరు 'ఫీకుస్'. అంజూరు పెట్టిన కాలేయం 'యెకుర్ ఫికాతుం'. రోజూ నలిగే మాట ఇంత పొడుగుంటే జనం ఊరుకోరు. 'ఫికాతుం' అంటే చాలనుకున్నారు. కొన్ని తరాలు గడిచాక అంజూరు సంగతి మరుగున పడింది. మేకదైనా ఫికాతుమే, మనిషిదైనా ఫికాతుమే. ఇటాలియన్‌లో 'ఫేగతో', ఫ్రెంచిలో 'ఫ్వా', స్పానిష్‌లో 'ఈగదో' దాని సంతానమే. అసలు మాట యెకుర్ జనం నోళ్లలోంచి జారిపోయింది. గ్రీకు హేపర్ మాత్రం వైద్య గ్రంథాల దారిన వచ్చి 'ఎపాతికో' అయింది. మనం వినే హెపటైటిస్ కూడా దాని బిడ్డే.

స్పానిష్‌లో అంజూరు పండుని 'ఈగో' అంటారు. ఈగో, ఈగదో. రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తే తప్ప ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్లకి కూడా చుట్టరికం తట్టదు.

ఇలాంటి మాటల్ని విడదీసి చూసే పనిముట్టు ఒకటి తెలుగు చదువుకున్నవాళ్లకి బడిలోనే చేతికొస్తుంది: తత్సమం, తద్భవం. యాత్ర తత్సమం, జాతర తద్భవం. భిక్ష తత్సమం, బిచ్చం తద్భవం. రెండూ ఒకచోటి నుంచే వచ్చినా యాత్రకి వెళ్లడం వేరు, జాతరకి వెళ్లడం వేరు. భిక్ష స్వీకరించే స్వామికి బిచ్చం అంటే కోపం వస్తుంది. స్పానిష్ నిఘంటువంతా ఇలాంటి జంటలే. ఆ భాష పండితులు కూడా తమ మాటల్ని ఇలాగే రెండుగా చీలుస్తారు. తల్లి భాష నుంచి నోటి మీదుగా దిగినవి పిత్రార్జితం, పుస్తకాల్లోంచి తర్వాత తెచ్చుకున్నవి చదువుల సొత్తు.

ఒక్క తేడా మాత్రం మరవకూడదు. తెలుగు సంస్కృతం బిడ్డ కాదు. మన తత్సమాలూ తద్భవాలూ పొరుగింటి నుంచి వచ్చినవే, కాకపోతే వేరువేరు కాలాల్లో, వేరువేరు దారుల్లో వచ్చాయి. స్పానిష్ అలా కాదు, అది లాటిన్ కన్నబిడ్డ. తద్భవం దాని ఒంట్లోనే ఉంది. తత్సమమే అప్పు. అంటే ఆ భాష తన తల్లి దగ్గరే, తల్లి పోయిన కొన్ని వందల ఏళ్లకి, పుస్తకాల్లోంచి అప్పు తెచ్చుకుంది. ఒకసారి వారసత్వంగా దక్కిన మాటే మళ్లీ అప్పుగా వచ్చి పక్కన కూర్చుంది. స్పానిష్ మాటల పుట్టుకలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

క్రీ.పూ. 218లో రోమన్ సైన్యం ఇప్పటి స్పెయిన్ ఈశాన్య తీరాన 'ఎంపోరియోన్' అనే గ్రీకు వర్తకుల రేవులో దిగింది. ద్వీపకల్పమంతా లొంగడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. క్రీ.పూ. 19 నాటికి గానీ పని పూర్తి కాలేదు. దిగినవాళ్లు కవులు కారు. సైనికులు, సరుకు మోసేవాళ్లు, భూమి కోసం వచ్చిన రైతులు. వాళ్లు మాట్లాడింది గ్రంథాల లాటిన్ కాదు, సంతల లాటిన్.

ఆ సంత లాటిన్ ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం ఒకటి అదృష్టవశాత్తూ మిగిలింది. ఇటలీలోని బొబ్బియో మఠానికి చెందిన ఒక రాతప్రతి చివర, పేరు తెలియని గురువెవరో 227 తప్పుల జాబితా రాసిపెట్టాడు. ఇలా అనాలి, అలా అనకూడదు అని వరసగా జంటలు. దీన్ని 'ప్రోబుస్ అనుబంధం' అంటారు. కంటిని 'ఓకులుస్' అనాలట, 'ఓక్లుస్' అనకూడదట. అద్దాన్ని 'స్పేకులుం' అనాలి, 'స్పేక్లుం' అనకూడదు. ముసలివాణ్ణి 'వేతులుస్' అనాలి, 'వేక్లుస్' కాదు. చెవిని 'ఔరిస్' అనాలి, 'ఒరిక్ల' అనరాదు. ఇప్పుడు ఇవాళ్టి స్పానిష్ చూడండి. కన్ను 'ఓహో', అద్దం 'ఎస్పేహో', ముసలివాడు 'వియేహో', చెవి 'ఒరేహా'. నాలుగూ గురువు కొట్టేసిన రూపాల నుంచే వచ్చాయి, ఒప్పు అని రాసిన వాటి నుంచి కాదు. ఆయన కష్టం వృథా పోలేదు. ఏది తప్పో అంత ఓపిగ్గా రాసిపెట్టాడు కాబట్టే ఒక భాష పుడుతున్న చప్పుడు మనకి వినపడుతోంది.

గమనించాల్సింది ఇంకొకటుంది. నాలుగు మాటల్లోనూ 'క్ల' ఉన్న చోట 'హ' వచ్చింది. ఒక్క మాటలో వస్తే అది కాకతాళీయం, వరసగా వస్తే సూత్రం. భాషాశాస్త్రం నిలబడింది ఈ సూత్రాల మీదే.

ఆ సూత్రాల్లో కొన్ని మనకి బాగా చేరువైనవి. లాటిన్‌లో రెండు అచ్చుల నడుమ ప, త, క ఉంటే స్పానిష్‌లో అవి బ, ద, గ అవుతాయి. తోడేలు 'లూపుస్' 'లోబో' అయింది, జీవితం 'వీతా' 'వీదా' అయింది, స్నేహితుడు 'అమీకుస్' 'అమీగో' అయ్యాడు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అయినట్టు పరుషాలు సరళాలు కావడమే ఇది. మూడు మార్పులూ ఒకేచోట చూడాలంటే గ్రీకు 'అపోథేకే'ని తీసుకోవాలి. దాచిపెట్టే చోటు, గిడ్డంగి అని అర్థం. లాటిన్‌లోకి 'అపోతేకా'గా వచ్చింది. స్పెయిన్‌లో ముందున్న అచ్చు రాలిపోయింది, ప బ అయింది, త ద అయింది, క గ అయింది: 'బొదేగా'. ఇవాళ ద్రాక్షసారా నిల్వ చేసే చోటు అది. న్యూయార్క్‌లో మూలమీద ఉండే చిన్న కిరాణా కొట్టునీ ఆ పేరుతోనే పిలుస్తారు, అక్కడ స్థిరపడ్డ స్పానిష్ మాట్లాడేవాళ్ల వల్ల. అదే అపోథేకే మరో దారిలో, తర్వాతి కాలపు గ్రీకు ఉచ్చారణతో వచ్చి 'బొతీకా' అయింది. అది మందుల కొట్టు. ఫ్రెంచిలో అదే బొటిక్. మన ఊళ్లలో చీరలూ బ్లౌజులూ అమ్మే బొటిక్‌కీ, మాడ్రిడ్ సారా గిడ్డంగికీ పునాది ఒకటే.

రెండో సూత్రం రాయలసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు. మన పాలు కన్నడంలో హాలు, మన పులి హులి, మన పది హత్తు. మాట మొదట్లో ఉన్న 'ప' పాత కన్నడం దాటేసరికి 'హ' అయింది. స్పెయిన్‌లో మాట మొదటి 'ఫ'కి ఇదే గతి పట్టింది, అక్కడితో ఆగక ఆ 'హ' కూడా నోట్లోంచి పోయింది. రాతలో అక్షరం నిలిచింది, పలకడంలో లేదు. పిండి 'ఫరీనా' 'అరీనా' అయింది, పొగ 'ఫూముస్' 'ఊమో' అయింది, కొడుకు 'ఫీలియుస్' 'ఇహో' అయ్యాడు, చీమ 'ఫోర్మీకా' 'ఒర్మీగా' అయింది. ఫీకుస్ ఈగో కావడం, ఫికాతుం ఈగదో కావడం కూడా ఈ లెక్కే. ఉత్తర స్పెయిన్‌లో పాతకాలం నుంచీ ఉన్న బాస్క్ భాషకి 'ఫ' సొంత ధ్వని కాదు కాబట్టి ఆ పొరుగు ప్రభావంతోనే ఇలా జరిగిందని రామోన్ మెనెందెస్ పిదాల్ వాదించాడు. స్పానిష్ భాషా చరిత్రకి ఆయన పెద్ద దిక్కు. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు, చర్చ తెగలేదు. మార్పు ఎంత స్పష్టంగా జనానికి తెలిసేదంటే, 1605లో వచ్చిన దోన్ కిహోతే నవలలో సెర్వాంతెస్ తన వీరుడి చేత పాత 'ఫ' మాటలు పలికిస్తాడు. పాతబడ్డ వీరగాథలు చదివి మతి చెడినవాడు కాబట్టి అతని నాలుక కూడా పాత కాలంలో ఉండిపోయింది. అప్పటి పాఠకులకి అది చదవగానే అర్థమయ్యేది.

మూడోది, లాటిన్ 'క్త' స్పానిష్‌లో 'చ' కావడం. పాలు 'లాక్తె' 'లేచే' అయ్యాయి, ఎనిమిది 'ఒక్తో' 'ఓచో' అయింది, రాత్రి 'నోక్తె' 'నోచే' అయింది. అష్టమిలోని అష్ట, నక్తంచరుడిలోని నక్తం ఈ ఓచో, నోచేలకి దూరపు బంధువులు. ఇక పుస్తకాల్లోంచి వచ్చిన జంట మాటల్లో 'క్త' చెక్కుచెదరలేదు: పాలకి సంబంధించినది 'లాక్తెయో', రాత్రికి సంబంధించినది 'నొక్తూర్నో'. స్పానిష్ నేర్చుకునేవాళ్లకి ఇది గట్టి ఉపాయం. మాటలో లాటిన్ ముఖం అరగకుండా కనిపిస్తే అది దాదాపుగా తత్సమం.

అరుగుదలతో పాటు అర్థమూ చీలుతుంది. లాటిన్ తాళంచెవి 'క్లావిస్' ఇంట్లో 'యావే'గా మిగిలింది, పుస్తకంలోంచి మళ్లీ 'క్లావే'గా వచ్చి కిటుకు, సంకేతం అన్న అర్థం తెచ్చుకుంది. 'మాతేరియా' నుంచి నేల మీద 'మదేరా' పుట్టింది, అంటే కలప. తత్త్వవేత్తల దగ్గర అది మాతేరియాగానే పదార్థం అయింది. 'కాలిదా' అంటే వేడిది. దాన్ని కుదించి 'కల్దా' అనొద్దని మన గురువు అప్పుడే హెచ్చరించాడు. ఆ తప్పు రూపం నుంచి వచ్చిన 'కాల్దో' ఇవాళ ప్రతి స్పానిష్ ఇంట్లో పొయ్యిమీద మరిగే పులుసు నీరు. ఒప్పు రూపం 'కాలిదో' కవిత్వంలో వెచ్చదనంగా బతుకుతోంది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన జంట 'కదేరా, కాతెద్రా'. గ్రీకులో 'కాథెద్రా' అంటే కూర్చునే పీట. 'కాత' అంటే కిందికి, 'హెద్రా' అంటే ఆసనం. ఇండో యూరోపియన్ మాటల మొదట్లో ఉన్న 'స' గ్రీకులో 'హ' అవుతుంది, సప్త అక్కడ హెప్తా అయినట్టు. కాబట్టి హెద్రాలో ఉన్నది 'సద్' ధాతువే. సదస్సులో ఉన్నదీ, ఉపనిషత్తులో ఉన్నదీ అదే. ఆ పీట రోమన్ల ఇళ్లలోకి వచ్చింది, చర్చిలో బిషపు ఆసనం అయింది. ఆ ఆసనం ఉన్న గుడి కేథడ్రల్. విశ్వవిద్యాలయాలు పుట్టాక ఆచార్యుడి పీఠం కాతెద్రా అయింది. స్పెయిన్‌లో ప్రొఫెసర్ పదవిని నేటికీ అలాగే అంటారు. ఇదంతా చదువుల దారి. సంతల దారిలో అదే మాట అరిగి అరిగి 'కదేరా' అయింది. పాత స్పానిష్‌లో దానికి కుర్చీ అన్న అర్థం కూడా ఉండేది. కుర్చీ మీద ఆనేది శరీరంలో ఏ భాగమో అందరికీ తెలుసు. నెమ్మదిగా మాట కుర్చీని వదిలి మనిషిని పట్టుకుంది. ఇవాళ కదేరా అంటే తుంటి. ఇంగ్లిష్ 'చైర్' కూడా ఆ గ్రీకు పీటే, ఫ్రెంచి మీదుగా వచ్చింది.

తొడకీ ఇలాంటి కథే. లాటిన్‌లో 'మూస్' అంటే ఎలుక, మన మూషికానికి తోబుట్టువు. 'మూస్కులుస్' అంటే చిట్టెలుక. చెయ్యి మడిస్తే చర్మం కింద చిట్టెలుకలా కదులుతుందని కండరానికి ఆ పేరు పెట్టారు. స్పానిష్‌లో 'మూస్కులో' కండరం, అది తత్సమం. తద్భవం 'మూస్లో' తొడ. పాత స్పానిష్‌లో ఎలుకకి 'మూర్' అన్న మాట ఉండేది. దానికి గుడ్డి అన్న మాట తగిలించి గబ్బిలాన్ని 'ముర్సియేగలో' అన్నారు, గుడ్డి ఎలుక అని. తర్వాత గ, ల చోట్లు మార్చుకున్నాయి, అది 'ముర్సియేలగో' అయింది. వర్ణాలు తారుమారు కావడం ఆ భాషకి బాగా అలవాటు. మాట అనే అర్థమిచ్చే 'పలాబ్రా' కూడా అలాగే పుట్టింది. గ్రీకు 'పరబొలే' అంటే పక్కన పెట్టి పోల్చడం. చర్చిలో క్రీస్తు చెప్పిన ఉపమాన కథలకి ఆ పేరు. ర, ల స్థానాలు మార్చుకుని, అర్థం వెడల్పై, కథ కాస్తా మాట అయింది.

చర్చి వాడిన మాటలకి ఇలా నడిమింటి బతుకు దక్కింది. పూర్తిగా అరగలేదు, పూర్తిగా నిలవలేదు. శతాబ్దం అనే 'సేకులుం' సూత్రం ప్రకారం 'సేహో' కావాలి, 'స్పేకులుం' 'ఎస్పేహో' అయినట్టు. కానీ పూజారులు ప్రతి ప్రార్థన చివరా దాన్ని లాటిన్‌లోనే పలుకుతుండటంతో అది సగం దారిలో ఆగి 'సీగ్లో' అయింది. గ్రీకు 'ఎక్లేసియా', అంటే జనసభ, 'ఇగ్లేసియా'గా చర్చి అయింది. 'ఎపిస్కొపోస్', పైనుంచి చూసుకునేవాడు, 'ఒబీస్పో'గా బిషపు అయ్యాడు.

చుట్టరికాల దగ్గర కాసేపు ఆగాలి, తెలుగువాళ్లకి అది మక్కువైన చోటు కాబట్టి. పాత రోమన్లు మనలాగే తండ్రి వైపునీ తల్లి వైపునీ విడివిడిగా పిలిచేవాళ్లు. తండ్రి సోదరుడు 'పత్రుఉస్', మేనమామ 'అవున్కులుస్', మేనత్త 'అమితా', తల్లి సోదరి 'మాతెర్తెరా'. ఆ నాలుగు గదులూ కూలిపోయాయి. ఫ్రెంచివాళ్లు మేనమామ మాటని అందరు మగవాళ్లకీ, మేనత్త మాటని అందరు ఆడవాళ్లకీ వాడేశారు. అవి ఇంగ్లిష్‌లోకి వచ్చాక అంకుల్, ఆంటీ అయ్యాయి. మన అపార్టుమెంట్లలో పిల్లలు పక్కింటాయన్ని అంకుల్ అన్నప్పుడల్లా, పుట్టుక లెక్కన చూస్తే, మేనమామా అని పిలుస్తున్నట్టే. స్పానిష్ వాళ్లు ఈ నాలుగు మాటల్నీ వదిలేసి గ్రీకు 'థేయిఓస్'ని లాటిన్ మీదుగా తెచ్చుకుని 'తీయో' అన్నారు, ఆడవాళ్లకి 'తీయా'. బాబాయీ తీయోయే, మామయ్యా తీయోయే. ఇవాళ స్పెయిన్ కుర్రాళ్లు ఒకళ్లనొకళ్లు 'తీయో' అనే పిలుచుకుంటారు, మనవాళ్లు 'మామా' అనుకున్నట్టే. అన్నదమ్ముడి మాట కూడా మారింది. లాటిన్ 'ఫ్రాతెర్' మన భ్రాతకి సోదరుడు. చర్చి ఆ మాటని సన్యాసులకి వాడటంతో, ఇంట్లో పుట్టినవాణ్ణి వేరు చేయడానికి 'ఫ్రాతెర్ గెర్మానుస్' అనాల్సి వచ్చింది, ఒకే బీజం నుంచి పుట్టిన సోదరుడు అని. కాలేయంలో అంజూరు మిగిలినట్టు ఇక్కడా విశేషణమే మిగిలింది: 'ఎర్మానో'.

ఇలా గద్దె దిగిన పెద్దమాటలు చాలానే ఉన్నాయి. లాటిన్‌లో నిప్పు 'ఇగ్నిస్', అంటే మన అగ్ని. జనం దాన్ని వదిలేసి పొయ్యి అనే అర్థమున్న 'ఫోకుస్'నే నిప్పుకి వాడారు. స్పానిష్ నిప్పు 'ఫువేగో' అలా వచ్చింది. పొయ్యి ఉన్న చోటే ఇల్లు కాబట్టి అదే కుటుంబం నుంచి 'ఒగార్' అంటే గృహం అయింది. అశ్వానికి తోబుట్టువైన 'ఎక్వుస్' పోయి, బక్కచిక్కిన బండి గుర్రాన్ని పిలిచే 'కబాల్లుస్' అన్ని గుర్రాలకీ పేరై 'కబాయో' అయింది. ఆడ గుర్రంలో మాత్రం పాత మాట 'యేగ్వా'గా బతికింది. గ్రీకు అశ్వం 'హిప్పోస్' పుస్తకాల్లోంచి వచ్చి హిప్పొపొటమస్‌లో, ఫెలీపే అనే పేరులో దాక్కుంది. ఫెలీపే అంటే గుర్రాలంటే ప్రేమ ఉన్నవాడు.

రోమన్ల తర్వాత విసిగోతులు వచ్చారు. యుద్ధానికి 'గెర్రా' లాంటి జెర్మానిక్ మాటలు కొన్ని మిగిలాయి. బాస్క్ నుంచి 'ఇస్కియేర్దా', అంటే ఎడమ, వచ్చి లాటిన్ మాట 'సినిస్త్రా'ని పక్కకి నెట్టింది. ఎడమ అపశకునం కాబట్టి పాత మాట పలకడానికి జనం జంకారంటారు.

711లో అరబ్బులు దాటి వచ్చారు. 1492లో గ్రనాదా పడిపోయే దాకా ద్వీపకల్పంలో ఏదో ఒక భాగం వాళ్ల చేతిలోనే ఉంది. స్పానిష్‌లో అరబ్బీ మాటలూ వాటి పిలకలూ కలిపి సుమారు 4 వేలని చెబుతారు. వాటిలో చాలా వాటికి మొదట్లో 'అల్' ఉంటుంది. అది అరబ్బీలో విడి ముక్క, స్పెయిన్ జనం దాన్ని మాటలో భాగమనుకున్నారు. పత్తి 'అల్గొదోన్' అలాంటిదే. 'అల్కాల్దే' అంటే ఊరి మేయరు, అరబ్బీ అల్ ఖాదీ, మన ఖాజీ. 'అదువానా' అంటే సుంకాల కచేరీ, అరబ్బీ దీవాన్, మన దివాను. 'ఫులానో' అంటే ఫలానా మనిషి. ఫలానా అన్న మాటనే మనం పారశీకం, ఉర్దూల మీదుగా తెచ్చుకున్నాం. తూర్పు నుంచి పడమరకి వెళ్లినవి ఇంకా ముచ్చటైనవి. చతురంగం పారశీకంలో చత్రంగ్, అరబ్బీలో షత్రంజ్, స్పెయిన్‌లో 'అహెద్రేస్' అయింది. పదో అల్ఫోన్సో రాజు 1283లో దాని గురించి బొమ్మలతో పెద్ద గ్రంథమే రాయించాడు. నారింజ 'నరాన్హా' అయింది. వంకాయ సంస్కృతం, పారశీకం, అరబ్బీ దాటి 'బెరెన్హేనా' అయింది. దాని పోర్చుగీసు రూపం ఓడెక్కి తిరిగి వచ్చి మన ఇంగ్లిష్ మీడియం పిల్లల 'బ్రింజాల్' అయింది.

పడమర నుంచి మనకి నేరుగా వచ్చినవీ ఉన్నాయి. రోమన్ల వెండి నాణెం 'దేనారియుస్', పది చిల్లర నాణాల విలువది. స్పానిష్‌లో అది 'దినేరో', అంటే డబ్బు. మన దగ్గర దీనారం. నాగార్జునకొండ ఇక్ష్వాకుల కాలపు శాసనాల్లో ఆ నాణెం ప్రస్తావన ఉంది. వెయ్యేళ్లు దాటాక కూడా శ్రీనాథుడి కనకాభిషేకం చెప్పాలంటే ఆ మాటే కావలసి వచ్చింది. గ్రీకు జ్యోతిషం నుంచి 'కెంత్రోన్' సంస్కృతంలోకి వచ్చి కేంద్రం అయింది, లాటిన్ దారిలో స్పానిష్ 'సెంత్రో' అయింది. వారాల వరసా అంతే. మన మంగళవారం అక్కడ 'మార్తెస్', అంగారకుడి రోజే. బుధవారం 'మియేర్కొలెస్', బుధుడి రోజే. శుక్రవారం 'వియేర్నెస్', వీనస్ రోజు.

ఇంత చదివాక ఒకేలా వినపడే మాటలన్నీ బంధువులే అనిపించడం సహజం. అక్కడే జాగ్రత్త కావాలి. సెవియ్యా బిషపు ఇసిదోరో, 636లో పోయాడు, ఇరవై భాగాల్లో మాటల పుట్టుకల గ్రంథం రాసిన మహానుభావుడు. పడుకునేటప్పుడు తొడుక్కుంటారు కాబట్టి, పడక 'కామా' నుంచి చొక్కా 'కమీసియా' వచ్చిందని రాశాడు. ఆ చొక్కానే స్పానిష్ 'కమీసా', అరబ్బీ ఖమీస్, మన కమీజు. పోలిక బాగుంది గానీ పుట్టుక తప్పు. ఇప్పటి గ్రీకులు నీటిని 'నెరో' అంటారు కాబట్టి మన నీరు అదేనని మనవాళ్లు తరచుగా అంటుంటారు. నెరో అంటే అసలు తాజాది అని, 'తాజా నీళ్లు' అన్న పదబంధంలో విశేషణం మిగిలిపోయింది, ఈగదో లాగే. మన నీరు ద్రావిడం. దేవుడి మాట ఇంకా చిత్రం. లాటిన్ 'దేయుస్', స్పానిష్ 'దియోస్' మన దేవుడికి నిజంగా బంధువులు. పగలు అనే 'దీయా', మన దివసం కూడా ఆ కుటుంబమే. కానీ గ్రీకు 'థేయోస్', దాని నుంచి వచ్చిన 'తెయొలొహీయా', అంటే దైవశాస్త్రం, వాటికి ఏమీ కావు. ధ్వని సూత్రాలు ఒప్పుకోవు. ఒకే వాక్యంలో, ఒకే అర్థంతో, దాదాపు ఒకే ధ్వనితో కూర్చునే రెండు మాటలు పరాయివి కావడమూ, కాలేయమూ అంజూరూ రక్తసంబంధులు కావడమూ ఆ సూత్రాల వల్లే తెలిసింది.

సూత్రాలకి చిక్కనివీ ఉన్నాయి. లాటిన్ కుక్క 'కానిస్', గ్రీకు కుక్క 'క్యూఓన్', మన శ్వానం, మూడూ ఒక కడుపువే. స్పానిష్ పుస్తకాల్లో ఆ కుక్క అన్ని మూలలా ఉంది. కోరపన్ను 'కనీనో'లో ఉంది. లోకం మీద నమ్మకం లేనివాణ్ణి 'సీనికో' అంటారు, గ్రీసులో కుక్కలా బతకమన్న తత్త్వవేత్తల పేరు అది. కనారియా దీవుల్లో పెద్ద పెద్ద కుక్కలుండటం వల్లే ఆ పేరొచ్చిందని మొదటి శతాబ్దంలో ప్లినీ రాశాడు. ఆ దీవుల పేరే అక్కడి పసుపుపచ్చ పిట్టకి వచ్చింది. వీధిలో మొరిగే కుక్క మాత్రం 'పెర్రో'. 12వ శతాబ్దం నుంచీ రాతల్లో ఉంది. లాటిన్ కాదు, గ్రీకు కాదు, అరబ్బీ కాదు, బాస్క్ కాదు. స్పానిష్ మాటల పుట్టుకల మీద జీవితం ధారపోసి మహానిఘంటువు కట్టిన జోన్ కొరోమినెస్ చివరికి, గొర్రెలకాపరులు కుక్కని ఉసిగొల్పడానికి పెదాలతో చేసే 'ప్ర్ర్' అన్న అదిలింపులోంచే అది వచ్చి ఉంటుందన్నాడు.